మెడ నరం నొక్కుకుపోయాక మళ్ళీ బరువులు ఎత్తడం ఎలా మొదలుపెట్టాలి

నొప్పి తగ్గి పది రోజులైంది, ఇంక అంతా సెట్ అయిపోయింది అనుకుని ఓ ఆదివారం కింద కూర్చుని భోంచేసి కుడిచెయ్యి నేలకి ఆనించి లేవబోయాను, మోచెయ్యి టక్కున మడతపడిపోయింది. పక్కకి పడ్డాను, కంచంలో మిగిలిన పెరుగన్నం కూడా నాతోపాటే నేల మీదకొచ్చింది. అమ్మ దిష్టి తగిలిందంది. నొప్పి మాత్రం సున్నా, అసలు చెయ్యి ఉన్నట్టే లేదు, అంతే.

మెడ నరం పట్టేసి, డాక్టర్ దగ్గరికి వెళ్ళి, మందులు వాడి, ఇప్పుడు కాస్త తగ్గి "జిమ్‌కి ఎప్పుడెళ్ళొచ్చు" అని ఆలోచిస్తున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఫిజియోని కాదు, దెబ్బతిని వెనక్కొచ్చినవాణ్ణి. ఇందులో ఏదైనా మీ డాక్టర్ చెప్పినదానికి అడ్డం వస్తే ఆయన మాటే వినండి.

అసలు ఏం జరిగిందో కొంచెం తెలుసుకుంటే తర్వాత చెప్పేవి అర్థమవుతాయి. మెడలో ఎముకలు 7, కానీ అక్కడ్నుంచి బయటికొచ్చే నరాల జతలు 8. ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బినా, వయసుతో ఎముక కొంచెం పెరిగినా, నరం బయటికొచ్చే సందు ఇరుకైపోయి అది నలుగుతుంది. మెడ ఎముకల్నీ నరాల్నీ పైనుంచి సి1, సి2 అని లెక్కపెడతారు. నాది సి6-సి7 మధ్య డిస్క్, నలిగింది సి7 నరం, అందుకే మధ్యవేలు తిమ్మిరి, ట్రైసెప్స్ (మోచెయ్యి చాపే కండ) బలహీనం. దానిపైది అంటే సి6 అయితే బొటనవేలు చూపుడువేలు తిమ్మిరెక్కి, బైసెప్స్ (మోచెయ్యి మడిచే కండ) బలం తగ్గి, మణికట్టు పైకి ఎత్తడం కష్టమవుతుంది. సి5 అయితే భుజం పక్కకి లేవదు, సి8 అయితే చిటికెనవేలు తిమ్మిరెక్కి, చేతి పట్టు తగ్గుతుంది. మీకు ఏ వేలు మొద్దుబారిందో చూస్తే ఏ కండ మీద కన్నేసి ఉంచాలో చాలావరకు తెలిసిపోతుంది (నూటికి నూరుపాళ్ళు కాదు, మనుషులందరి వైరింగూ ఒకేలా ఉండదు).

ఇప్పుడు అసలు విషయం. నొప్పి పోవడం వేరు, నరం కోలుకోవడం వేరు. వాపు తగ్గితే నొప్పి పోతుంది, మాత్రలు వేసుకున్నా పోతుంది. కానీ కండకి కరెంటు పంపే తీగలు బాగుపడాలంటే దాని టైం అది తీసుకుంటుంది. నరం ఊరికే నలిగితే వారాల్లో సర్దుకుంటుంది, లోపలి పోగులు దెబ్బతింటే మాత్రం అవి రోజుకి సుమారు 1 మిల్లీమీటర్ చొప్పున మళ్ళీ పెరగాలి, మెడ నుంచి ట్రైసెప్స్ దాకా ఎంత దూరమో మీరే టేపు పెట్టి కొలుచుకోండి. పేటన్ మానింగ్ అని అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, 2011లో మెడకి ఫ్యూజన్ ఆపరేషన్ (ఎముకల్ని ఒకదానికొకటి అతికించేది) చేయించుకుని ఆ సీజన్ మొత్తం ఆడలేదు, విసిరే చేతిలో ట్రైసెప్స్ బలం పోయింది, 2012లో వేరే టీంకి వెళ్ళి మళ్ళీ ఆడాడు. చుట్టూ డాక్టర్లూ ట్రైనర్లూ ఉన్నవాడికే అంత పట్టింది, మనం పది రోజులకే బెంచ్ ప్రెస్ అంటే ఎలా.

అందుకే మొత్తం పద్ధతి అంతా ఒక్క లెక్క మీద నడుస్తుంది, "నొప్పి ఉందా" అని కాకుండా "బలం ఎంతొచ్చింది" అని కొలుచుకుంటూ వెళ్ళడం. దానికో నోట్‌బుక్ కావాలి. ఫోన్‌లో రాసుకున్నా పర్లేదు, నేను మాత్రం పిల్లాడి పాత రూళ్ళ పుస్తకం వాడాను.

స్టెప్ 0: వెళ్ళకూడనిది ఎవరో తేల్చుకోండి

చొక్కా గుండీలు పెట్టుకోవడం, పెన్నుతో రాయడం కష్టమైపోతున్నా, నడుస్తుంటే తూలుతున్నట్టున్నా, రెండు చేతులూ మొద్దుబారినా, తల కిందికి వంచితే వెన్ను మీదుగా కరెంటు కొట్టినట్టు కిందకి దిగినా, మూత్రం మీద కంట్రోల్ తప్పినా ఇక్కడితో చదవడం ఆపి డాక్టర్ దగ్గరికెళ్ళండి, అది నరం ఒక్కటే కాదు వెన్నుపాము నొక్కుకుంటోందేమో చూడాల్సిన సంగతి. చెయ్యి బలం రోజురోజుకీ తగ్గిపోతున్నా అంతే, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, యాక్సిడెంట్ తర్వాత మొదలైనా అంతే.

ఇవేవీ లేకపోతే భయపడక్కర్లేదు, చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, ఉబ్బిన డిస్క్ కూడా నెలల్లో దానంతటదే కుంచించుకుపోవడం మామూలే. ఎమ్మారై రిపోర్ట్ చదివి గూగుల్ చేసుకుంటూ కూర్చోవద్దు, ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసినా వయసుని బట్టి డిస్క్ బల్జ్‌లు కనిపిస్తూనే ఉంటాయి.

జిమ్ గురించి ఆలోచించేముందు ఈ మూడూ ఉండాలి. రాత్రి నిద్రలో నొప్పికి మెలకువ రాకపోవడం, తల రెండు పక్కలకీ తిప్పగలగడం, చేతిలోకి జివ్వుమని దిగే నొప్పి వారం రోజులుగా లేకపోవడమో బాగా తగ్గి ఉండటమో. ఇంకోటి, ప్రీగాబాలిన్ లాంటి నరాల మాత్రలు వాడుతుంటే మత్తుగా, తల తిరిగినట్టు ఉంటుంది, ఆ మత్తులో నెత్తి మీదకి బరువు ఎత్తొద్దు. అలాగని జిమ్ కోసం మాత్రలు మీకు మీరే టక్కున మానేయొద్దు, డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి అవి.

స్టెప్ 1: ఇవాళ ఎక్కడున్నారో రాసుకోండి

ఇదొక్కటీ చెయ్యకుండా మిగతావన్నీ చేసినా వేస్ట్. తేలికైన డంబెల్ ఒకటి తీసుకోండి, నాకైతే 3 కిలోలది. మీ బలహీనమైన కండకి తగిన కదలికే చెయ్యాలి, నాది ట్రైసెప్స్ కాబట్టి వెల్లకిలా పడుకుని మోచెయ్యి మడిచి చాపడం, మీది బైసెప్స్ అయితే కర్ల్, భుజమైతే పక్కకి ఎత్తడం. బాగున్న చేత్తో తప్పులేకుండా ఎన్నొస్తాయో లెక్కపెట్టండి, కాసేపాగి రెండో చేత్తో. నావి ఎడమ 22, కుడి 7. ఆ 7 చూసుకున్నాక నాకు జిమ్ పిచ్చి దిగిపోయింది.

దాంతోపాటు ఇంకో రెండు రాయండి. గడ్డం ఏ భుజం వైపు ఎంతవరకు తిరుగుతోంది, తిమ్మిరి ఎక్కడిదాకా ఉంది. తిమ్మిరికి చెయ్యి బొమ్మ గీసి ఆ భాగాన్ని పెన్సిల్‌తో నింపండి. వారానికోసారి అదే రోజు అదే టైంకి ఇవే కొలవండి, రోజూ కొలిస్తే పిచ్చెక్కుతుంది. నొప్పి వేళ్ళ నుంచి మోచేతికి, మోచేతి నుంచి భుజానికి, అలా మెడవైపు జరుగుతుంటే మెడ దగ్గర కొంచెం ఎక్కువనిపించినా అది మంచి లక్షణమే. మెడ హాయిగా ఉండి వేళ్ళలోకి దిగుతుంటే మాత్రం మనం చేస్తున్నదాంట్లో ఏదో పడట్లేదని.

తలని పక్కకి వంచి నొక్కి చూసే పరీక్ష ఒకటి డాక్టర్లు చేస్తారు, వీడియో చూసి ఇంట్లో వాళ్ళ చేత అది చేయించుకోవద్దు. తగ్గిందాన్ని మళ్ళీ తిరగబెట్టుకోవడమే అది.

స్టెప్ 2: ఇంట్లో రెండు వారాలు

గడ్డం లోపలికి లాక్కోవడం, అంటే తల వంచకుండా ఎవరో నుదుటి మీద వేలు పెట్టి వెనక్కి నెట్టినట్టు, రెండో గడ్డం వచ్చేలా. 5 సెకన్లు ఆపి వదలండి, 10 సార్లు, రోజుకి రెండు మూడు పూటలు. వెనక్కి లాగినప్పుడు చేతిలోకి జివ్వుమంటే మానేసి ఫిజియోని అడగండి, ఇది అందరికీ పడదు.

తర్వాత అరచెయ్యి తలకి ఆనించి తలతో చేతిని నెట్టడం, తల కదలకూడదు. ముందుకి, వెనక్కి, రెండు పక్కలకి, ఒక్కోటి 5 సెకన్లు, 5 సార్లు. నాలుగో వంతు బలం చాలు, దవడ బిగుసుకుపోతోందంటే ఎక్కువ చేస్తున్నట్టే. రబ్బర్ బ్యాండ్ కిటికీ ఊచకి కట్టి భుజాలు వెనక్కి లాగడం 15 సార్లు. రోజూ అరగంట నడక, ఇది చిన్నదనుకోకండి, మొదట్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే.

నరాన్ని జారించే ఎక్సర్‌సైజులని చెయ్యి చాపి మణికట్టు వంచి చేయిస్తారు, అవి ఫిజియో చూపించాకే చెయ్యండి, బలంగా లాగితే నరానికి కోపమొస్తుంది. స్ట్రెచింగ్ అంటే ఎంత లాగితే అంత మంచిది అనుకునే అలవాటు మనకి, నరం దగ్గర అది కుదరదు.

స్టెప్ 3: జిమ్‌లో మొదటి రెండు మూడు వారాలు కాళ్ళే

వారానికి రెండు రోజులు. లెగ్ ప్రెస్, లెగ్ కర్ల్, గుండెలకి ఆనించుకుని తేలిక డంబెల్‌తో స్క్వాట్, హిప్ బ్రిడ్జ్, కాఫ్ రెయిజ్, అంతే. పాతరోజుల్లో ఎత్తిన బరువులో 40 శాతం దగ్గర మొదలుపెట్టండి, ఇంకో నాలుగు రెప్స్ (నాలుగు సార్లు) ఈజీగా వస్తాయనిపించేటప్పుడే సెట్ ఆపేయండి. ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కొద్దు, దగ్గినప్పుడు తుమ్మినప్పుడు చేతిలోకి లాగిన రోజులు గుర్తున్నాయి కదా, బిగబట్టినప్పుడు లోపల పెరిగే ఒత్తిడి కూడా అదే. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి.

లెగ్ ప్రెస్ మీద చిన్న సంగతి, నేనూ చేసిన తప్పు. బరువు నెట్టేటప్పుడు తల లేపి మోకాళ్ళ మధ్యలోంచి అద్దంలో మొహం చూసుకోవడం. తల సీటుకి ఆనే ఉండాలి.

ఇక్కడ మీకొచ్చే అసలు ఇబ్బంది నరం కాదు, జిమ్ ట్రైనర్. "ఏం కాదన్నా, ఇంకో రెండు కొట్టు, నేనున్నా" అంటాడు, మంచి మనసుతోనే అంటాడు పాపం. వెళ్ళిన మొదటి రోజే పక్కకి పిలిచి చెప్పేయండి, "తమ్ముడూ, మెడలో నరం ప్రాబ్లం, మూడు నెలలు నా బరువులు నేనే చూసుకుంటా, బరువు పట్టుకోడానికి సాయం కావాలంటే పిలుస్తా" అని. నేను చెప్పలేదు, మొహమాటం. దానికి ఒక వారం వెనక్కెళ్ళాను.

స్టెప్ 4: చేతులు, ఒక్కో చెయ్యి విడిగా

కాళ్ళ రోజుల తర్వాత ఏ గొడవా లేకపోతే పైభాగం మొదలుపెట్టండి. రెండు చేతుల రాడ్ ముట్టుకోవద్దు, డంబెల్సూ కేబులూ మాత్రమే, ఎందుకంటే రాడ్ పట్టుకుంటే బలమున్న చెయ్యి బలం లేని చెయ్యి పని కూడా చేసేస్తుంది, మీకు తెలీదు కూడా, మెడా నడుమూ ఓ పక్కకి వంకర పోతాయి.

లాగేవాటితో మొదలుపెట్టండి, ఛాతీ బెంచ్‌కి ఆనించి చేసే డంబెల్ రో అన్నిటికన్నా సేఫ్, తల బెంచ్ అంచుకి పైన ఉంచి చూపు నేల మీదే. తర్వాత లాట్ పుల్‌డౌన్ ఛాతీ ముందుకి, మెడ వెనక్కి కాదు. నెట్టేవాటికి ముందు గోడకి పుష్‌అప్స్, తర్వాత బల్లకి, తర్వాత నేల మీద పడుకుని డంబెల్ ప్రెస్, అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా. నేల మీద పడుకుంటే మోచేతులు మరీ కిందకి పోవు.

పద్ధతి ఒకటే. బలహీనమైన చెయ్యి ముందు, దానికి ఎన్నొస్తే రెండోదానికీ అన్నే. కుడికి 8 వస్తే ఎడమకి 20 వచ్చినా 8తో ఆపేయాలి. మనసొప్పదు, నాకు తెలుసు.

ఇక రోజు గడిచేదాకా చూసే రూల్. చేస్తున్నప్పుడు పదికి రెండు మూడు దాటని మెడ బిగుతు పర్లేదు, కానీ అది మర్నాడు అదే టైంకి ఎప్పటిలా అయిపోవాలి. మర్నాడూ ఉంటే తర్వాతిసారి బరువు తగ్గించండి, తిమ్మిరి కొత్త వేలికి పాకితే ఆ ఎక్సర్‌సైజే తీసేయండి. కండల నొప్పికీ నరం నొప్పికీ తేడా ఎలా అంటారా, కండల నొప్పి నొక్కితే "అబ్బా" అనిపించేలా అక్కడే ఉంటుంది, నరంది సన్నగా తీగలా కిందకి పరిగెడుతుంది, మంటగానో సూదులు గుచ్చినట్టో ఉంటుంది, చెయ్యి నెత్తి మీద పెట్టుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది.

స్టెప్ 5: రాడ్ దగ్గరికి

నోట్‌బుక్‌లో బలహీనమైన చెయ్యి రెండోదాంట్లో 80 శాతం దాటిందా, వరసగా మూడు వారాలు వెనక్కి పోలేదా, అప్పుడు. ఇది నా ఫిజియో నాకు పెట్టిన గీత, మీవాళ్ళు వేరేది పెట్టొచ్చు. నాకు ఇక్కడికి రావడానికి దాదాపు ఐదు నెలలు పట్టింది.

ఖాళీ రాడ్డే మామూలుగా 20 కిలోలు, దాంతోనే వారం. ముందు డెడ్‌లిఫ్ట్, కొంచెం ఎత్తు మీద పెట్టి, చూపు మీకు రెండు మీటర్ల ముందు నేల మీద, అద్దంలోకి తలెత్తి చూడొద్దు, తల వెనక్కి వాలిస్తే ఆ సందు ఇంకా ఇరుకవుతుంది. తర్వాత బెంచ్, తలతో బెంచ్‌ని వెనక్కి నొక్కకుండా, ఆఖరి రెప్‌కి తల ఎత్తకుండా. బ్యాక్ స్క్వాట్ తొందరేం లేదు, రాడ్ మెడ కింద కండల మీద కూర్చుంటుంది, చేతులు వెనక్కి విరుచుకుని పట్టుకోవాలి, ఛాతీ ముందు బరువు పట్టుకునే స్క్వాట్‌తో ఎన్నాళ్ళైనా బండి నడుస్తుంది. అన్నిటికన్నా ఆఖరిది నెత్తి మీదకి ఎత్తే ప్రెస్, అది కూడా ముందు రాడ్ ఒక చివర మూలకి ఆనించి రెండో చివర ఏటవాలుగా నెట్టడంతో.

బరువు పెంచేది 2.5 కిలోల చొప్పున. మన చుట్టుపక్కల జిమ్ముల్లో చాలాచోట్ల చిన్న ప్లేటే 2.5, అంటే రెండు వైపులా వేస్తే 5 కిలోలు ఒకేసారి, 30 మీద 5 పెంచడం చిన్న విషయం కాదు. 1.25 ప్లేట్లు ఒక జత కొని బ్యాగ్‌లో పడేసుకోండి, అందరూ నవ్వుతారు, నవ్వనివ్వండి.

వీటి జోలికి మాత్రం వెళ్ళకండి: మెడ వెనక నుంచి ప్రెస్సు, భారీ ష్రగ్స్, తల వెనక చేతులు పెట్టుకుని తల లాగుతూ సిటప్స్, తలకి బెల్టు కట్టి బరువు వేలాడదీయడం, శీర్షాసనం, హలాసనం, సర్వాంగాసనం. పుల్‌అప్స్‌లో గడ్డం రాడ్ దాటించాలని మెడ సాగదీస్తాం కదా, అది కూడా. సెలూన్‌లో కటింగ్ అయ్యాక తల పట్టుకుని టకటకమని విరుస్తారు, ఎంత హాయిగా ఉన్నా వద్దని ముందే చెప్పండి, మెడలో మెదడుకి వెళ్ళే రక్తనాళాలుంటాయి, అలా విరవడంతో అవి చీలిన కేసులున్నాయి.

జిమ్ బయట

మిగతా 23 గంటలు గాలికొదిలేసి జిమ్‌లో ఒక గంట జాగ్రత్తగా ఉంటే ఏం లాభం. నాకు రెండోసారి పట్టేసింది జిమ్‌లో కాదు, పాతిక కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కినప్పుడు. లిఫ్ట్ పాడైంది, వాచ్‌మన్ పట్టుకొస్తానన్నా నేనే హీరోలా మోశాను. బైక్ మీద వెళ్ళేవాళ్ళకి హెల్మెట్ బరువు, గుంతలు, వెనక బ్యాగ్, అన్నీ మెడకే తగుల్తాయి, హెల్మెట్ తీసేయమని కాదు బాబోయ్, బ్యాగ్ ముందు పెట్టుకోండి, మొదటి నెల జిమ్‌కి నడిచెళ్ళండి కుదిరితే. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు, పడుకుని ఫోన్ చూసేటప్పుడు రెండు దిండ్ల మీద తల మడత పెట్టడం బంద్.

తిరగబెడితే

తిరగబెడుతుంది, చాలామందికి ఒక్కసారైనా. అప్పుడు అన్నీ మానేసి మంచమెక్కొద్దు, మెడకి కాలర్ కట్టుకుని నెల తిరగొద్దు. రెండు మూడు రోజులు పైభాగం ఆపి నడక, స్టెప్ 2 చెయ్యండి, తర్వాత ఒక స్టెప్ వెనక్కెళ్ళి సగం బరువుతో మొదలుపెట్టండి. వారం దాటినా తగ్గకపోతే, లేదా నోట్‌బుక్‌లో నంబర్ పడిపోతే డాక్టర్. నంబర్ పడిపోవడం నొప్పి పెరగడం కన్నా సీరియస్, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. నా బియ్యం బస్తా తర్వాత నొప్పి భయంకరంగా ఉంది కానీ రెప్స్ 14 దగ్గరే ఉన్నాయి, ఫిజియో అది చూసి కంగారు పడలేదు, పది రోజుల్లో సర్దుకుంది.

మొన్న శనివారం పేజీ: 3 కిలోలు, ఎడమ 24, కుడి 22. మధ్యవేలి కొస ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది, పెన్సిల్‌తో నింపే భాగం శనగగింజంత.